టెయిలింగ్స్ కట్ట అడుగున తడి కనిపిస్తే ‘మామూలే’ అని వదిలేయొచ్చా?

నర్సంపేట తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇదీ. సివిల్ పూర్తి చేసి రెండేళ్లయింది. వేరే రాష్ట్రంలో ఒక ఖనిజం గని దగ్గర కాంట్రాక్టర్ తరఫున టెయిలింగ్స్ కట్ట, అంటే ఖనిజం తీశాక మిగిలిన రాతిపిండి బురదను నిలిపే కట్ట, చూస్తున్నాడు. ఎత్తు 22 మీటర్లు, ఇంకో 3 మీటర్లు లేపే పని నడుస్తోంది. పడమటి మూలన కట్ట అడుగున పది అడుగుల మేర తడి కనిపించింది. మేనేజర్‌కి చెబితే ‘వాన నీళ్లు, మామూలే’ అన్నాడట. కట్ట లోపలి నీటి మట్టం చూసే గొట్టాలు, పీజోమీటర్లు, నాలుగింటిలో రెండు మూసుకుపోయాయి, అయినా నెలనెలా రిపోర్టులో నాలుగింటికీ అంకెలు పడుతున్నాయి. ‘నేను చెరువు కట్ట మీద ఆడుకుంటూ పెరిగినవాణ్ని సార్, ఇదీ అలాంటిదే కదా, నేనే ఎక్కువ టెన్షన్ పడుతున్నానా?’ అని అడిగాడు.

ఎక్కువేం కాదు తమ్ముడూ. మీ మేనేజర్ చెప్పింది నిజమే కావచ్చు కూడా. కానీ ఆయన వెళ్లి చూడకుండా చెప్పాడు, నాకు నచ్చనిది అది.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ఇరిగేషన్‌లో డీఈగా రిటైరయ్యాను. ములుగు, నర్సంపేట వైపు చెరువులతోనే సర్వీసు సగం గడిచింది. తర్వాత ఏడేళ్లు థర్మల్ ప్లాంట్ల బూడిద చెరువులు, టెయిలింగ్స్ కట్టలు చూసే ఒక కన్సల్టెంట్ దగ్గర పనిచేశాను. మొదటి ఏడాది నేనూ నీలాగే అనుకున్నాను, కట్టంటే కట్టే కదా అని.

చెరువు కట్ట పని ఒకసారి పూర్తవుతుంది. పాకాల, రామప్ప, లక్నవరం కట్టలు కాకతీయుల కాలంలో కట్టినవి, ఇప్పటికీ పనిచేస్తున్నాయి. వానాకాలం నిండుతుంది, ఎక్కువైతే మత్తడి దుంకుతుంది, యాసంగికి తూము తీస్తారు, ఎండాకాలానికి శిఖం బయటపడుతుంది. ఏడాదిలో కొన్ని నెలలైనా కట్ట ఆరుతుంది. టెయిలింగ్స్ కట్టకు ఆ సెలవు లేదు. రాయిని పిండి చేసి, ఖనిజం తీసుకుని, మిగిలిన పిండిని నీళ్లతో కలిపి పైపులో తెచ్చి పోస్తారు. ఇవాళా పోస్తారు, రేపూ పోస్తారు, నిండితే కట్ట లేపి మళ్లీ పోస్తారు. అంటే కడుతున్నప్పుడే నింపుతున్నాం, నింపుతున్నప్పుడే కడుతున్నాం. గని మూతపడినా ఆ గుట్ట అక్కడే ఉంటుంది.

అసలు తేడా ఇంకొకటి ఉంది, నీ ప్రశ్నలో అదే లేదు. మీ కట్టను ఏ పద్ధతిలో లేపుతున్నారు? మొదట మొరంతో, మట్టితో ఒక స్టార్టర్ కట్ట వేస్తారు. అది నిండాక తర్వాతి కట్టను బయటి వైపు పాత కట్టకు ఆనించి, నేల మీద నుంచి లేపుకొస్తే డౌన్‌స్ట్రీమ్ పద్ధతి. దీనికి మట్టి చాలా కావాలి, జాగా కావాలి, డబ్బు కావాలి. లోపలి వైపు జరిగి, ఆరిన టెయిలింగ్స్ మీదే తర్వాతి కట్ట వేస్తే అప్‌స్ట్రీమ్ పద్ధతి. మట్టి తక్కువ పడుతుంది, అందుకే చాలా చోట్ల ఇదే చేస్తారు. మన భూపాలపల్లి, రామగుండం, జైపూర్ వైపు ఉన్న థర్మల్ ప్లాంట్ల బూడిద చెరువులూ ఇదే జాతికి చెందినవి: పైపులో స్లర్రీ (నీళ్లతో కలిపిన బూడిద), చుట్టూ మట్టి కట్ట, నిండితే లేపడం. అప్‌స్ట్రీమ్ పద్ధతిలో పై కట్టకు పునాది మనం రోలర్‌తో కుదించిన మట్టి కాదు, నిన్నమొన్నటి బురద. చిలీ ఈ పద్ధతిని 1970లోనే నిషేధించింది, 1965లో ఎల్ కోబ్రే దగ్గర భూకంపానికి కట్ట తెగి రెండు వందల మందికి పైగా పోయాక. బ్రెజిల్‌కి అదే పని చేయడానికి 2019 దాకా పట్టింది. మన దేశంలో అలాంటి నిషేధం లేదు. నువ్వు చేయాల్సిన మొదటి పని డ్రాయింగ్ అడిగి తీసుకుని మీది ఏ రకమో తేల్చుకోవడం. 22 మీటర్ల కట్టకు డ్రాయింగ్ దొరకడం లేదంటే, అది తడి కన్నా పెద్ద వార్త.

బురద పునాది అంటే ఎందుకు భయపడాలో చెబుతాను. మేడారం పోయినప్పుడు జంపన్న వాగులో నీళ్ల అంచున తడి ఇసుక మీద నిలబడ్డావా? మొదట గట్టిగానే ఉంటుంది. పాదాలు కాసేపు అటూ ఇటూ ఆడిస్తే పైకి నీళ్లూరి, చీలమండల దాకా దిగిపోతావు. ఇసుక అదే, నీళ్లు అవే. రేణువుల మధ్య పట్టు పోయి బరువంతా నీటి మీద పడింది, అంతే. దీన్నే లిక్విఫాక్షన్ అంటారు. వదులుగా పేరుకుని నీళ్లు పట్టిన టెయిలింగ్స్‌లో ఈ గుణం దాగి ఉంటుంది. బయట పడటానికి భూకంపమే రానక్కర్లేదు. లోపల నీటి మట్టం పెరిగినా, తొందరపడి ఎత్తు లేపినా, ఎవరో టో (కట్ట అడుగు అంచు) దగ్గర జేసీబీతో మట్టి తీసినా చాలు. చెరువుకు గండి పడితే మొదట బుంగ కనిపిస్తుంది, అది పెద్దదవుతుంది, ఊరంతా బస్తాలు మోసుకొచ్చే టైమ్ చాలాసార్లు దొరుకుతుంది. ఇక్కడ కట్టతో పాటు లోపలి సరుకంతా ఒక్కసారే కదులుతుంది.

2019 జనవరి 25న బ్రెజిల్‌లో బ్రుమాజిన్యో దగ్గర జరిగింది అదే. 86 మీటర్ల ఇనుప ఖనిజం టెయిలింగ్స్ కట్ట, అప్‌స్ట్రీమ్ పద్ధతిలో లేపింది, మధ్యాహ్నం భోజనాల వేళ క్షణాల్లో కూలింది. గని క్యాంటీన్, ఆఫీసు కట్ట దిగువనే ఉన్నాయి. 270 మంది చనిపోయారు. ఆ కట్టలో టెయిలింగ్స్ పోయడం 2016లోనే ఆపేశారు. కూలడానికి నాలుగు నెలల ముందే స్థిరంగా ఉందని సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. తర్వాత కారణాలు వెతికిన నిపుణుల బృందం చెప్పినదాంట్లో నన్ను ఇప్పటికీ కుదిపే మాట ఒకటుంది: కూలే ముందు పరికరాల్లో చెప్పుకోదగ్గ హెచ్చరిక ఏదీ కనిపించలేదు. కట్ట నిటారుగా ఉంది, లోపల నీళ్లు దిగే దారి సరిగా లేదు, మెత్తటి బురద కట్ట అంచు దాకా వచ్చి ఉంది. ఇవన్నీ పరికరం చెప్పక్కర్లేదు, చూసేవాడికి ముందే తెలిసినవే. అన్నట్టు, మీ సైట్ ఆఫీసు, లేబర్ షెడ్లు ఎక్కడున్నాయి? కట్ట కిందే ఉంటే వాటిని పక్కకు మార్చమని రేపే అడుగు. దానికి ఏ డిజైనూ అక్కర్లేదు, ఒక క్రేన్ చాలు.

ఇక నీ తడి సంగతి. అది వాన నీళ్లా, లోపలి ఊటా అన్నది వాదనతో తేలదు, ఐదు నిమిషాల్లో కొలిచి తేల్చొచ్చు. మన ఊళ్లో వాటర్ ప్లాంట్ల వాళ్లు నీళ్లలో లవణాలు కొలవడానికి వాడే టీడీఎస్ మీటర్ ఒకటి కొను. మూడు బాటిళ్లు పట్టు: ఒకటి తడి దగ్గర ఊరిన నీళ్లు, ఒకటి కట్ట లోపలి చెరువు నీళ్లు, ఒకటి కట్టకు దూరంగా ఏదైనా గుంతలో నిలిచిన వాన నీళ్లు. గని ప్లాంట్ నుంచి టెయిలింగ్స్‌తో వచ్చే నీళ్లలో లవణాలు సాధారణంగా ఎక్కువుంటాయి. తడి అంకె లోపలి నీళ్లకు దగ్గరగా ఉంటే మేనేజర్‌తో వాదించే పని లేదు, కాగితం ఆయన ముందు పెడితే సరి. ఆ బాటిల్‌ని గంటసేపు కదపకుండా ఉంచి అడుగున మడ్డి పేరుకుందేమో కూడా చూడు. తేట నీళ్లు వస్తుంటే కట్ట చెమటోడుస్తోందనుకో. బురద నీళ్లు వస్తుంటే కట్ట లోపలి నుంచి తనను తానే తింటోంది. అప్పుడు ఉత్తరాలు రాస్తూ కూర్చోకు, ఫోన్ చెయ్యి, టెయిలింగ్స్ పోయడం ఆపించు.

తడి అంచుల చుట్టూ మేకులు కొట్టి సున్నం గీత వెయ్యి. రోజూ పొద్దున ఒకే టైముకి, ఒకే చోట నిలబడి ఫోటో తియ్యి. ఆ పక్కనే ఆ రోజు వాన ఎంత, లోపల నీటి మట్టం ఎంత అని రాసుకో. వాన లేని వారం తర్వాత కూడా గీత దాటుతోందంటే అది వాన కాదు. మన పొలాల్లో జాలు ఎలా పడుతుందో తెలిసినవాడివి, నీకు ఇది చూడగానే అర్థమవుతుంది.

నీళ్లు పారేంత ఉంటే వాటిని ఒక కాలువలోకి మళ్లించి, ప్రవాహం కొలిచే వి-నాచ్ పెట్టించు. రేకుకు 90 డిగ్రీల కోణంలో కోత, అంతే. కోత అడుగు నుంచి నీటి మట్టం 5 సెంటీమీటర్లుంటే సెకనుకు సుమారు ముప్పావు లీటరు పోతున్నట్టు. 10 సెంటీమీటర్లకు పెరిగితే నాలుగు లీటర్లు పైనే. చూడ్డానికి ఎత్తు రెండింతలే, ప్రవాహం ఐదింతలు దాటింది. ‘కొంచెం పెరిగింది సార్’ అని రిజిస్టర్‌లో రాసేవాళ్లకు ఈ లెక్క చెప్పాలి.

నా అనుభవం ఒకటి చెబుతాను, ప్లాంట్ పేరు వద్దులే. ఏప్రిల్ నెల, ఎండ మాడ్చేస్తోంది. నేను కట్ట పైన జీపులో పోతూ అంతా బాగానే ఉందని రాసుకుంటున్నాను. కింద గొర్లు కాసే పెద్దమనిషి చెయ్యి ఊపి ఆపాడు. ‘ఈడ గడ్డి ఎండకాలం గూడ పచ్చగనే ఉంటాంది సారూ, మా గొర్లన్నీ ఈడికే ఉరుకుతయి’ అన్నాడు. దిగి చూస్తే నిజమే, చుట్టూ ఎండిన బోద గడ్డి, మధ్యలో పరుపంత పచ్చదనం. చెప్పు పెడితే చిత్తడి. పాత డ్రాయింగులు తవ్వితే తేలిందేమిటంటే, కట్ట కట్టినప్పుడు నీళ్లు బయటికి పంపడానికి అడుగున వేసిన పైపు ఒకటి ఉంది, తర్వాత వాడకం మానేశారు, నోరు మూశారు గానీ లోపల సిమెంట్ గ్రౌట్ నింపలేదు. ఏదో జాయింట్ దగ్గర అది కుంగి, దాని పొడవునా నీళ్లు దారి చేసుకున్నాయి. మేం ఆ చెరువులోకి స్లర్రీ ఆపించి, పక్క చెరువులోకి మళ్లించి, పని మొదలుపెట్టాం. మంచి ఇంజనీర్లమని చెప్పుకునే మేం పైన తిరుగుతూ రెండు సీజన్లు దాన్ని చూడలేదు. ఆ తర్వాత నేను ఏ కట్టకు పోయినా ముందు కింద నడుస్తాను. పై నుంచి చూస్తే ఏ కట్టయినా బాగానే కనిపిస్తుంది.

అక్కడ కాంట్రాక్టర్ మనుషులు మొదట చేయబోయిన పని టిప్పర్‌తో నల్లరేగడి తెచ్చి ఊట మీద పోయడం. అది మాత్రం ఎప్పుడూ చేయనివ్వకు. బయటికి వచ్చే నీళ్లకు మూత పెడితే ఒత్తిడి లోపల పెరిగి ఇంకో చోట, ఇంకా పైన, బయటపడుతుంది. నీళ్లను రానివ్వాలి, మట్టిని రానివ్వకూడదు. ముందు శుభ్రమైన ఇసుక పొర, దాని మీద సన్న కంకర (చిప్స్), దాని మీద 40 ఎంఎం కంకర, పైన రాళ్ల బరువు. దీన్ని రివర్స్ ఫిల్టర్ అంటారు. మన చెరువుల దగ్గర బుంగ పడితే బయటి వైపు ఇసుక బస్తాలతో గుండ్రంగా కట్టి లోపల నీళ్లు నిలపడం చూసి ఉంటావు, అదీ ఈ కుటుంబమే. ఒకటే జాగ్రత్త, టో దగ్గర లోతుగా తవ్వి చూద్దామనుకోకు. పారతో పైపైన గీకడం వరకే. ఇవన్నీ ప్రాథమిక చికిత్స మాత్రమే, డిజైనర్ వచ్చి చూసేదాకా.

ఊట ఎందుకు వస్తోందో తెలియాలంటే లోపలి వైపు కూడా చూడాలి. టెయిలింగ్స్‌ని కట్ట అంచు నుంచి పోస్తే బరువైన ఇసుక కట్ట పక్కనే దిగుతుంది, మెత్తటిది, నీళ్లు దూరంగా మధ్యకు పోతాయి. ఆ ఇసుక వాలును బీచ్ అంటారు, కట్టకు ప్రాణం అదే. నీ పడమటి మూలన టెయిలింగ్స్ పోసే స్పిగాట్ పైపులు సరిగా నడుస్తున్నాయా? చాలా చోట్ల పైపులు మార్చే ఓపిక లేక ఒకే వైపు పోస్తుంటారు, నీళ్లు పోయి ఎదుటి మూలన కట్టకు ఆనుకుని నిలుస్తాయి. లోపల నీళ్లు నిలిచిన మూల, బయట తడి కనిపించిన మూల ఒకటే అయితే ఇంకేం వెతకక్కర్లేదు.

వాన గురించి. 2023 జూలై 26, 27 తేదీల మధ్య 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. మోరంచపల్లి మునగడం, జనం ఇళ్ల పైకప్పులెక్కడం నీకూ గుర్తుండే ఉంటుంది. అలాంటి వాన మీ చెరువు మీద పడితే? చెరువు వైశాల్యం 100 హెక్టార్లనుకో. 650 మిల్లీమీటర్లంటే ఆరున్నర లక్షల ఘనపు మీటర్ల నీళ్లు, చుట్టుపక్కల గుట్టల నుంచి వచ్చేది కాక. లోపలి నీళ్లను బయటికి పంపే డెకాంట్ పైపు సెకనుకు అర ఘనపు మీటరు లాగగలిగితే రోజుకు 43,200 మాత్రమే. ఖాళీ అవడానికి పదిహేను రోజులు. అంటే ఆ వానను లోపలే పట్టుకునే జాగా ముందుగానే ఖాళీగా ఉండాలి. మట్టి కట్ట మీదుగా నీళ్లు పొర్లితే తర్వాత చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. మీ చెరువు వైశాల్యం, పైపు సైజు పెట్టి ఈ లెక్క నువ్వే వెయ్యి, పది నిమిషాల పని.

పీజోమీటర్ల సంగతికి వస్తే నాకు కోపం వస్తుంది. మూసుకుపోయిన గొట్టానికి అంకె రాయడమంటే జ్వరం చూడకుండా చార్టులో 98.6 వేయడమే. గొట్టంలో కొంచెం నీళ్లు పోసి చూడు, మట్టం మెల్లగానైనా దిగి మామూలు స్థాయికి వస్తే అది బతికే ఉంది. కదలకుండా నిలిస్తే పోయింది. పోయినదానికి ఎదురుగా ‘పనిచేయడం లేదు’ అని నీ చేత్తో రాసి, తేదీ వెయ్యి. సంతకం చేసేది నువ్వే అయితే రేపు సమాధానం చెప్పుకోవాల్సిందీ నువ్వే, మేనేజర్ కాదు.

ఇంతకీ ఈ కట్టల భద్రతను ఎవరు చూడాలి? జవాబు సూటిగా లేదు. 2021 డ్యామ్ సేఫ్టీ చట్టం అదే ఏడాది డిసెంబర్ 30న అమల్లోకి వచ్చింది గానీ, అందులో డ్యామ్ అంటే నదులు, ఉపనదులకు అడ్డంగా నీళ్లు నిలపడానికో మళ్లించడానికో కట్టినది. గుట్ట పక్కన బురద నిలిపే కట్ట ఆ మాటల్లో సూటిగా ఇమడదు. గనుల వైపు నుంచి గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ డీజీఎంఎస్, ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్, పర్యావరణ అనుమతి షరతులు, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి, ఇలా తలా ఒక ముక్క చూస్తారు. థర్మల్ ప్లాంట్ల బూడిదకు మాత్రం 2021 డిసెంబర్ 31 నోటిఫికేషన్‌లో కట్టల భద్రతకు ఏటా సర్టిఫికేషన్ విధానం ఉండాలని పెట్టారు. అంతకు ముందు ఏడాదే, 2020 ఏప్రిల్ 10న, మధ్యప్రదేశ్ సింగ్రౌలిలో బూడిద చెరువు కట్ట తెగి ఆరుగురు పోయారు. ప్రపంచ స్థాయిలో 2020 ఆగస్టులో టెయిలింగ్స్‌కి ఒక ప్రమాణం వచ్చింది. ప్రతి కట్టకు పేరు పెట్టి ఒక బాధ్యుడైన ఇంజనీర్, కంపెనీ పైస్థాయిలో జవాబుదారీ అధికారి, బయటి నిపుణుల సమీక్ష ఉండాలంటుంది. చట్టం కాదు, ఒప్పుకున్న కంపెనీలకే వర్తిస్తుంది.

సర్టిఫికెట్ ఎవరు ఇస్తున్నారన్నది అన్నిటికన్నా ముఖ్యం. ఇటలీలో స్తావా అనే ఊరి పైన ఫ్లోరైట్ గని టెయిలింగ్స్ కట్టలు రెండు, ఒకదాని పైన ఒకటి ఉండేవి. ఇవి భద్రమేనా అని 1970లలో కిందనున్న మున్సిపాలిటీ అడిగింది. పరీక్ష చేసే పని చివరికి గని కంపెనీకే అప్పజెప్పారు. పై కట్ట అప్పటికే అంచు మీద ఉన్నట్టు లెక్కల్లో కనిపించినా, పర్వాలేదన్న జవాబే ఊరికి అందింది, కట్ట ఇంకా లేపారు. 1985 జూలై 19న పైది కూలి కిందదాని మీద పడింది. 268 మంది.

మన ఊళ్లలో నీరటి ఉండేవాడు. చెరువు ఆయనది కాదు, కానీ తూము తాళం ఆయన చేతిలో. రోజూ కట్ట నడిచేవాడు, ఎండ్రకాయ బొక్క కనిపించినా, సర్కారు తుమ్మ మొలిచినా ఊరికి చెప్పేవాడు. కట్ట తెగితే మునిగేది ఆయన ఇల్లు కూడా. ఇప్పుడు నువ్వు చేస్తున్నది నీరటి పనే, తాళం మాత్రం నీ చేతిలో లేదు. ఏ పరిస్థితిలో స్లర్రీ పంపు ఆపాలి, అర్ధరాత్రి ఆపమని చెప్పే అధికారం ఎవరికి ఉంది, దిగువ ఊరి సర్పంచ్‌కి ఫోన్ చేసేది ఎవరు? ఈ మూడు ప్రశ్నలకు పేర్లతో సహా రాతపూర్వకంగా జవాబు అడుగు. మాటల్లో కాదు, ఈమెయిల్‌లో, మీ కాంట్రాక్టర్‌కి, గని మేనేజర్‌కి, డిజైన్ చేసినవాళ్లకి ముగ్గురికీ ఒకేసారి. గొడవ పెట్టుకున్నట్టు కాకుండా, ‘ఫలానా తేదీన ఫలానా చోట ఇంత మేర తడి చూశాను, ఫోటోలు జత చేశాను, వచ్చి చూడగలరు’ అని మామూలుగా రాయి. తడి సంగతి తేలేదాకా ఆ మూలన 3 మీటర్ల లేపుడు ఆపాలని కూడా అందులోనే పెట్టు. వారంలో కదలిక లేకపోతే డీజీఎంఎస్ ప్రాంతీయ కార్యాలయానికి రాయొచ్చు. ఉద్యోగం గురించి నీ భయం నాకు తెలుసు. ఇంట్లో అమ్మానాన్నలతో ఒకసారి మాట్లాడు.

టీడీఎస్ అంకెలు మూడూ, వాన లేని ఏడు రోజుల ఫోటోలు, పైపు సైజు నాకు పంపు. చూసి చెబుతాను.